మామయ్య తినే టమాటా

పళ్ళ డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు మామగారు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి, కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా కేకలేసిన మనిషి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఇల్లు ఇల్లులా అనిపించలేదు కోడలికి.

చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని వెళ్తే డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. కాగితం చూసి, "పెద్దాయనా, మీ ఒంట్లో సి విటమిన్ అడుగంటింది. పళ్ళూ కూరగాయలూ రోజూ తినాలి. పక్కకు ఏరిపెట్టడం కాదు, తినాలి" అంది. ఏరిపెట్టే సంగతి ఆవిడకు ఎలా తెలిసిందని దారి పొడవునా ఆయన అనుమానంగా కోడలి వంకే చూశారు. చెప్పింది కోడలే. అయినా ఆ విషయం ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు.

కోడలు దర్జీ. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకు వేలాడే జాకెట్లు, నేలంతా ముక్కలు. ఒక బట్ట ఒకరికి నప్పకపోతే లోకంలో ఇంకో బట్ట ఉంటుందని నమ్మే మనిషి. మామగారికి పళ్ళంటే పులుపు, ఆకుకూరలంటే గడ్డి. ఇక టమాటా అంటే బద్ధశత్రువు. టమాటా లేకపోతే ఆమెకు వంట సాగదు, టమాటా కనబడితే ఆయనకు ముద్ద దిగదు. ప్రతి ముక్కనీ ఏరి కంచం అంచున వరసగా నిలబెడతారు, దిగాల్సిన ప్రయాణికుల్లాగా.

"ఈయన తినే టమాటా ఎక్కడో ఒకచోట పుట్టే ఉంటుంది" అంది ఆమె భర్తతో. అచ్చుయంత్రం దగ్గర పగలంతా నిలబడి వచ్చిన అతను కాళ్ళు చాపుకుని, "మా అమ్మ వల్ల కాలేదు, మా నానమ్మ వల్ల కాలేదు. నీకెందుకొచ్చిన తలనొప్పి?" అన్నాడు. ఆ మాటతో ఆమెకు పంతం వచ్చింది.

మర్నాడు మేడ మీద మొక్కలకు చోటు వెతికింది. పక్కింటివాళ్ళు మరో అంతస్తు లేపాక మేడ మీద ఎండ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకుని, గంటకోసారి పైకెక్కి నీడ అంచున గీత గీసింది. సాయంత్రానికి లెక్క తేలింది. నీళ్ళ ట్యాంకు పక్కన ఒక్కచోటే ఆరు గంటల పైన ఎండ పడుతోంది. అక్కడ నాలుగు తొట్లు పడతాయి, అయిదోది పట్టదు.

నర్సరీ నడిపే ఆవిడ విషయమంతా విని, విత్తనాల పొట్లాల డబ్బా ముందుకు జరిపింది.

"అందరూ వచ్చి పెద్ద కాయ కావాలంటారమ్మా. పెద్ద కాయలో చాలామటుకు నీళ్ళే. మీకు కావాల్సింది సి విటమిన్ కదా? ఇదిగో, గోలీకాయంత చెర్రీ టమాటా. తూకానికి తూకం వేస్తే ఇందులోనే సి ఎక్కువ, తీపి కూడా ఎక్కువ. ఈ నారింజ రంగుది కళ్ళకు మంచిది, దీంట్లో ఉండేది ఒంట్లోకెళ్ళి ఎ విటమిన్‌గా మారుతుంది. ఎర్రదాంట్లో లైకోపీన్ అని ఉంటుంది, ఆ ఎరుపే అది. పచ్చిగా తింటే కొంచెమే ఒంటబడుతుంది, నూనెలో మగ్గిస్తే బాగా పడుతుంది."

"మరి ఈ నల్లది?"

"అది ఊదా రంగుది. నేరేడుపళ్ళకు రంగునిచ్చే సరుకే దీని తొక్కలోనూ ఉంటుంది. కానీ కాపు తక్కువ, తల్లీ, ముందే చెబుతున్నా. ఇంకోమాట. ఎండలు మరీ ముదిరాక కాయ పండితే ఎరుపు సరిగా ఎక్కదు. ఇప్పుడే వేసేయండి."

నాలుగూ కొనుక్కుంది. బట్టల కొట్లో రంగు ఎంచుకోలేని రోజున నాలుగు రంగులూ పట్టుకెళ్ళి ఇంట్లో తేల్చుకోవడం ఆమెకు అలవాటే.

నాలుగు కాగితం కప్పుల్లో విత్తనాలు వేసి, పళ్ళెంలో పెట్టి, ఒక్కో కప్పుకీ పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చింది. నీళ్ళు చల్లే పని మామగారికి అప్పజెప్పబోతే ఆయన ఇంతెత్తున లేచారు.

"నా శత్రువుకి నేను నీళ్ళు పోయాలా? పాముకి పాలు పొయ్యమను, పోస్తాను!"

"పోనీలెండి మామయ్యా, నేనే చూసుకుంటాను" అని ఆమె కిందికొచ్చి మిషను ముందు కూర్చుంది. పెళ్ళివారి బట్టలు ఒకేసారి వచ్చిపడటంతో రెండు రోజులు మేడ మెట్లెక్కడానికి తీరలేదు. మూడోరోజు భయపడుతూ వెళ్ళి చూస్తే కప్పుల్లో మట్టి తడితడిగా ఉంది. వాన పడలేదు.

మొక్కలు జానెడు ఎదిగి, రేపోమాపో తొట్లలోకి మార్చాలనగా ఒక మధ్యాహ్నం గాలి దుమ్ము లేచింది. కప్పులున్న పళ్ళెం పిట్టగోడ మీద నుంచి బోర్లాపడింది. కప్పులు తలో దిక్కూ దొర్లాయి, చీటీలు గాలికెగిరిపోయాయి. కోడలు పరుగున వచ్చి మొక్కల్ని ఏరి మట్టిలో నిలబెట్టింది కానీ ఏది ఏదో అంతుపట్టలేదు. అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఏడుపొచ్చి ట్యాంకుకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"అందులో ఏడవడానికేముంది?" అంటూ వెనక నుంచి మామగారు వచ్చారు. కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగారు. "నా బస్సులో డెబ్భైమంది ఎక్కేవాళ్ళు. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎవరికి టికెట్ కొట్టానో మొహం చూసి చెప్పేవాణ్ణి. ఇవెంత? ఇదిగో, ఈ పొడుగుది నీ గోలీకాయ. అన్నిటికంటే ముందు మొలిచింది ఇదే, ఆరోరోజున. ఈ కాడ ఊదాగా ఉంది చూశావా, ఆకు అంచుకు రంపం పళ్ళు కూడా లేవు. ఇది నీ నల్లమ్మ."

"మిగతా రెండూ?"

ఆయన ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. "ఇది ఎర్రది, అది నారింజ. కానీ ఆ రెండింటికీ నేను హామీ ఇవ్వను. ఇద్దరూ కవల పిల్లలు."

కోడలు ఏడుపు మరచిపోయి ఆయన మొహంలోకి చూసింది. "శత్రువు మొహాలు బాగానే గుర్తుపెట్టుకున్నారే మామయ్యా."

"శత్రువునే బాగా గుర్తుపెట్టుకోవాలి" అని ఆయన గబగబా మెట్లు దిగిపోయారు.

ఆ రోజు నుంచి తొట్ల పెత్తనం ఆయనదే అయింది. కర్రలు పాతారు, కుట్టుగదిలోని అంచుముక్కలతో కాడలు కట్టారు. పక్కింటి అంతస్తు మీద ఆరేసిన దుప్పటి నీడ పడుతోందని కేకలేసి దాన్ని తీయించారు. పూత వచ్చింది, పిందె వచ్చింది. గుత్తికి పదీ పన్నెండు చొప్పున చెర్రీ టమాటాలు ఎరుపెక్కసాగాయి.

అప్పుడు మొదలైంది దొంగతనం. సాయంత్రం ఆమె చూసుకున్న పండు పొద్దునకు ఉండటం లేదు. పిట్టలనుకుని, పల్చటి వల గుడ్డతో చిన్న సంచులు కుట్టి గుత్తులకు తొడిగింది. మూతికి దారం వేసి జారుముడి బిగించింది. మర్నాడు సంచి సంచిలానే ఉంది, లోపల మూడు పళ్ళు లేవు. దారానికి జారుముడి బదులు రెండు పీటముళ్ళు ఉన్నాయి.

భోజనాల దగ్గర ఆమె ఎవరి మొహమూ చూడకుండా అంది. "మన మేడ మీదకొచ్చే పిట్టకి ముడి వెయ్యడం కూడా వచ్చండీ."

"నేనసలు పొద్దున్నే పైకే వెళ్ళలేదు!" అన్నారు మామగారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఆమె భర్త నోట్లో ముద్ద పెట్టుకోబోతూ ఆగి, తండ్రి చొక్కా వంక చూశాడు. జేబు దగ్గర ఎర్రటి మరక, దాని మీద ఒక విత్తనం అంటుకుని ఉంది. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది పట్టుబడిన దొంగే.

నవ్వు తగ్గాక ఆయనే చెప్పుకొచ్చారు. "ఉద్యోగంలో మొదటిరోజు. కొత్త యూనిఫారం. ఎవరో ఆడమనిషి పైన బుట్ట పెట్టింది. బ్రేకు వెయ్యగానే ముగ్గిపోయిన టమాటాలన్నీ నా నెత్తిన పడ్డాయి. మార్చుకోవడానికి బట్టల్లేవు. మండుటెండలో సాయంత్రం దాకా ఆ కంపుతోనే టికెట్లు కొట్టాను. బస్సంతా నవ్వు. అప్పట్నుంచి ఆ వాసనొస్తే చాలు, ముద్ద దిగదు."

"మరి ఇవెలా తిన్నారు?"

"రాలిపడితే పారేద్దామని తీశాను. వేళ్ళమధ్య చితికింది. ఆ వాసన రాలేదమ్మాయ్. నోట్లో వేసుకుంటే టప్పున పేలింది, తియ్యగా. సర్లే, ఇంకోటి చూద్దామనుకున్నా." ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "అలా రోజూ చూస్తున్నా."

కవల పిల్లల విషయంలో ఆయన పప్పులో కాలేశారు. ఎర్రదనుకున్న తొట్టిలో నారింజ పళ్ళు కాశాయి, నారింజదనుకున్న దాంట్లో ఎర్రవి. నారింజ పళ్ళకు పులుపు తక్కువ కావడంతో కోసి ఉప్పు చల్లి ఇస్తే అవీ తిన్నారు. నూనెలో మగ్గించిన ఎర్రవాటిని మాత్రం ఇంకా ఏరి పక్కన పెడుతూనే ఉన్నారు, కాకపోతే మునుపు పది ముక్కలుండే చోట ఇప్పుడు అయిదో ఆరో. నల్లమ్మ మొత్తం మీద ఏడే ఏడు కాయలిచ్చి ఊరుకుంది.

కాపు మొదలైన రెండు నెలలకు మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. చిగుళ్ళు గట్టిపడ్డాయి, రక్తం ఆగింది. ఏ మందు వాడారని ఆవిడ అడిగితే, మామగారు చొక్కా జేబులోంచి నాలుగు చెర్రీ టమాటాలు తీసి ఆవిడ బల్ల మీద పెట్టారు.

తరువాతి కాపుకు విత్తనాలు ఎంచే వేళ నర్సరీకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. కోడలు పొట్లాల డబ్బా వైపు చెయ్యి చాచేలోపే ఆయన ఆ డబ్బా తన ముందుకు లాక్కున్నారు.

"నాలుగు తొట్లూ గోలీకాయలే" అన్నారు నర్సరీ ఆవిడతో.

"అదేం కుదరదు మామయ్యా! కళ్ళకు నారింజ కావాలి, కూరకు ఎర్రది కావాలి."

"అయితే నల్లది తీసెయ్. రెండు గోలీకాయ, ఒకటి నారింజ, ఒకటి నీ కూరది. ఇంక బేరం లేదు."

"మరి ఆ కూర మీరు తింటారా?"

ఆయన ఉన్న నాలుగు పొట్లాలనే రెండుసార్లు లెక్కపెట్టారు.

"ముందు కాయనీ" అన్నారు.