విజయదశమినాఁడు విప్పిన మూట

వర్షర్తువు గడచి శరత్కాలము ప్రవేశింపఁగా గౌతమీజలములు కలక దేఱి నిర్మలములై లంకలయందలి రెల్లుపూలు వెండికుచ్చులవలె గాలికిఁ దలలూపుచుండ ఆకాశము కడిగి బోరగిలించిన పళ్లెరమువలెఁ దెల్లనై మెఱయుచున్న యాశ్వయుజమాసపు ప్రాతఃకాలమున ఆ నదీతీరమందలి చిన్నపట్టణమున శారదాగ్రంథాలయము వాకిట మామిడితోరణములును బంతిపూదండలును వ్రేలాడుచుండెను. అది విజయదశమి. మూలానక్షత్రమునాఁడు ఎవరి యింటి పుస్తకమును వారు ఎఱ్ఱవస్త్రమున మూటగట్టి అచ్చటి శారదాదేవి పటము ముందటఁ బెట్టి పూజించుటయు దశమినాఁడు ఉద్వాసన చెప్పించి మూట విప్పి మొదటిపుట చదువుకొని యింటికిఁ గొనిపోవుటయు ఆ యూరివారి యాచారము. నడుమ నెవ్వరును ముడి విప్పరాదు. విప్పుట యపచారమని పాలుద్రాగు పసివారికిఁ దక్క నందఱకుఁ దెలియును.

గ్రంథాలయాధికారిణి యగు మాణిక్యాంబ తలంటుకొని పట్టుచీర గట్టి హారతిపళ్లెముతో నిలిచియుండెను. ఆమె యానందమునకు వేఱొక కారణమును గలదు. ఆ గ్రంథాలయముననే ఆమెకుఁ జేదోడుగాఁ బనిచేసి ఆమె చేతియన్నము దిని పెద్దవాఁడై నగరమున ప్రాచీనగ్రంథములను యంత్రములచే నకలుదీసి అంతర్జాలమున నెల్లరకుఁ జదువనిచ్చు నొక సంస్థలోఁ జేరిన కేదారనాథుఁడు భాద్రపదమున వచ్చి ఊరి పుస్తకము లన్నియు నడిగియుండెను.

"అక్కయ్యా, పైన కెమెరా పెట్టి ఒక్కో పుటే తిప్పుకుంటూ ఫొటో తీస్తాం. పుస్తకానికి నలక కూడా అంటదు. నీ మీదొట్టు" అని యతఁడు చెప్పఁగా మాణిక్యాంబ యా మాటయే పట్టుకొని యింటింటికిఁ దిరిగెను.

అందఱిలోఁ గష్టముగా నొడఁబడినది వృద్ధురాలగు అచ్చాయమ్మ. అక్షరజ్ఞానము లేక కాపురమునకు వచ్చిన యామెకుఁ జదువు నేర్పినది అత్తగారు. ఇంటనున్న వ్రతకథల పుస్తకమున కఠినపదము వచ్చినచోట నెల్ల ఆ యత్తగారు దాని యర్థమును గుండ్రని యక్షరములతో అంచున వ్రాసిపెట్టెను. వెలుపలి యంచైనచోఁ బుటలు త్రిప్పు వ్రేళ్ల తడికి మాయునని కుట్టువైపుననే వ్రాసెను. ఆ మహాతల్లి చేవ్రాత యా పుస్తకమునఁ దప్ప లోకమున మఱెచ్చటను లేదు.

"దసరా పూజకి తప్ప ఇది గడప దాటి ఎరగదే మాణిక్యం. మా అత్తగారుంటే నన్ను గుమ్మంలోనే నిలబెట్టును."

"నా మాట మీద ఇవ్వండి పిన్నిగారూ. రేపు ఎవరు ఎక్కడున్నా ఫోనులో ఆవిడ రాత చదువుకుంటారు."

"సరేలే. ఇక మా అత్తగారికి రోజుకో కొత్త కోడలన్నమాట. పాపం, వాళ్ల పాట్లు వాళ్లు పడతారు" అని నవ్వి ముదుసలి పుస్తకమును కన్నుల కద్దుకొని యిచ్చెను.

మూలానక్షత్రమునకు ముందటి సాయంకాలమునఁ గేదారనాథుఁడు పుస్తకములను దెచ్చి యప్పగించెను. అన్నియు ఎఱ్ఱవస్త్రములలో మూటలుగట్టియే యుండెను. చూచు వేడుకతో మాణిక్యాంబ యొకదాని ముడిపైఁ జేయి వేయఁగా నతఁడు "పొద్దున్నే పూజ కదక్కయ్యా, మడిబట్టలో కట్టించాను. దశమి దాకా అలాగే ఉండనీ. ఫోనులో కూడా ఆ రోజే తెరుద్దాం" అనెను. తాను నేర్పిన యాచారమును నగరమునకుఁ బోయియు మఱవలేదని యామె మురిసిపోయి చేయి వెనుకకుఁ దీసికొనెను.

ఇప్పుడు దశమినాఁడు ఉద్వాసన యైనపిదప అందఱిలోఁ బెద్దయగుటచే అచ్చాయమ్మయే ముందుగా మూట విప్పెను. ముడి సడలిన తోడనే పుటలు విడివిడిగా జాఱి గాలికిఁ బీఠముపై నుండి క్రిందికి రాలెను. కుట్టు లేదు. అట్ట వేఱు పుటలు వేఱు. కుట్టువైపు అంచు నంతటిని గత్తి తిన్నగాఁ గోసికొనిపోయెను. దానితోడ అత్తగారి యక్షరములును సగములై పోయెను. తక్కిన మూటలును విప్పఁబడెను. అన్నిటిదియు నదియే గతి.

మాణిక్యాంబ ఫోను దెఱచి చూచెను. అందు అచ్చాయమ్మ పుస్తకపు పుట మల్లెవలెఁ దెల్లగా నుండెను. అచ్చు చక్కగాఁ గనఁబడుచుండెను. అంచున మిగిలిన యర్ధాక్షరములు సైతము లేవు. ఆమె యచ్చటనే నిలిచి ఆ ఫోనుననే నగరమందలి కేదారనాథుని బిలిచి యడిగెను.

"కుట్టు కోయకపోతే మిషన్లో కాగితాలు పోవక్కయ్యా. పుట పుటా తిప్పుతూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? పైవాళ్లు తొందర పెట్టారు."

"అంచున రాత ఏదిరా?"

"అవి మరకలనుకుని మిషనే తుడిచేస్తుంది."

"మూట కట్టినప్పుడు నీకు తెలుసు కదా?"

"ముందే చెబితే నీ పూజ పాడవుతుందని" అతఁడనెను.

"నా పూజ కోసమా! దశమి దాకా ఎవరూ విప్పరని నీకు నేర్పింది నేనే కదరా" అని యామె ఫోను దింపెను.

దేవి యన్నినాళ్లును ఆ మూటలలోని గాయములను జూచుచునే కుంకుమపూజ లందుకొనెనా యని యడుగుటకు మనకు నోరాడదు. ఐనను అచ్చాయమ్మ యడిగెను.

"ఇన్నాళ్లూ దేనికి దణ్ణం పెట్టామే మాణిక్యం?"

మాణిక్యాంబ నేలఁ గూర్చుండి రాలిన పుట లేఱుచు "పిన్నిగారూ, ఆ అర్థాలన్నీ మీకు కంఠతా వచ్చు. చెప్పండి, నేను రాస్తాను. మళ్లీ కుట్టిస్తాను" అని ప్రాధేయపడెను.

ముదుసలి యామెచేతిలోని పుటలను మెల్లఁగాఁ దీసికొని తక్కినవానితోఁ జేర్చి ఎఱ్ఱవస్త్రమున నుంచి ముడివేసెను. "నీ తప్పు కాదు తల్లీ. కానీ ఇంక నీ చేతికివ్వను" అని మూటను జంకఁబెట్టుకొని మెట్లు దిగిపోయెను. ఆమె వెనుకనే తక్కినవారును తమ మూటలను మరలఁ గట్టుకొని యొకరొకరుగా వెడలిపోయిరి. ఆనాఁ డెవ్వరును మొదటిపుట చదువలేదు.

పరుని భక్తిని దెరగాఁ గట్టుకొనువానికిఁ గత్తి దాఁచుటకు వేఱు చోటు వెదుకఁ బనిలేదు. హారతి కొండెక్కెను. శూన్యమైన పీఠము ముందట మాణిక్యాంబ యొంటిగాఁ గూర్చుండెను. ఆమె యొడిలోని ఫోనున అచ్చాయమ్మ పుస్తకపు మొదటిపుట యింకను వెలుఁగుచుండెను. ఆ తెల్లదనమున నెచ్చటను ఒక్క మచ్చయైనను లేదు.