అతన్ని లేపకండి

ఆ ఆసుపత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి క్యాంటీన్‌లో కప్పులు కడిగే ఆమె దాకా అందరికీ అతను బండి. స్ట్రెచర్ తోసే పనివాడు కాబట్టి ఆ పేరు పడింది. "బండీ, ఎక్స్‌రేకి ఒకరున్నారు", "బండీ, క్యాజువాలిటీ", "బండీ, ఎక్కడ చచ్చావ్" అంటూ పొద్దున మొదలైన పిలుపులు సాయంత్రం దాకా ఆగేవి కావు. నలుగురు చేయాల్సిన పని అది. ఒకడు నడుం పట్టేసి మంచమెక్కాడు. ఇంకొకడు చెప్పాపెట్టకుండా వేరే ఉద్యోగానికి పోయాడు. మిగిలింది అతనూ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక పెద్దాయనా. అందరూ బాబాయ్ అని పిలిచే ఆ పెద్దాయన మోకాళ్ళు చదునైన నేల మీదైతే మాట వింటాయి కానీ, పాత భవనం నుంచి కొత్త భవనానికి ఎక్కే ఏటవాలు దారిలో మొరాయిస్తాయి. కాబట్టి ఆ దారిన వెళ్ళాల్సిన ప్రతి రోగీ బండి చేతికే వచ్చేవాడు.

భార్యకు నెల తప్పిందని తెలిసిన రోజున అతను ఆ కబురు మొట్టమొదట చెప్పింది అమ్మకీ కాదు, అక్కకీ కాదు. తుంటి విరిగి స్కానింగుకు వెళ్తున్న ఒక ముసలావిడకి. కడుపులో మాట ఆగలేదు.

"అయితే కాస్త నెమ్మదిగా తొయ్యి నాయనా," అందావిడ కళ్ళు మూసుకునే. "నా దీవెన కావాలంటే నేను స్కానింగు దాకా బతికుండాలిగా."

ఆ రోజంతా అతను ఏనుగెక్కినట్టే తిరిగాడు. ఆ తర్వాత అలసట మొదలైంది.

వాళ్ళు ఉండేది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన భార్య కుట్టు మిషను. ప్యాంట్లు పొట్టి చేయడం, పాడైన జిప్పులు మార్చడం ఆమె పని. అతను ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడి, ఒక బూటు విప్పి, రెండోది విప్పేలోగా నిద్రపోయేవాడు. తింటూ తింటూ చెంచా చేతిలో ఉండగానే తల వాల్చేసేవాడు. ఆమె ఏదో చెప్తూ ఉంటే ఊఁ కొట్టేవాడు. ఆ ఊఁలు దూరమై దూరమై గురకలోకి దిగేవి. ఆమె మాత్రం చెప్పేది పూర్తి చేసేది. సగంలో ఆపడం ఆమెకు చేతకాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం లోపలి బిడ్డ బాగా కదులుతోంది. ఆమె నిద్రపోతున్న భర్త చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల్నుంచి గట్టిగా ఒక తన్ను తగిలింది.

"వస్తున్నా సిస్టర్," అన్నాడతను, కళ్ళు తెరవకుండా.

ఆమె ఆ సంగతి ఫోనులో వాళ్ళమ్మకు చెప్పి విరగబడి నవ్వింది. ఫోను పెట్టేశాక నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆరో నెలలో ఆసుపత్రిలో ఒకటి జరిగింది. ప్రసూతి వార్డు నుంచి ఒకామెను ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చింది. రక్తం ఆగడం లేదు. నర్సు ఒక పక్క సెలైన్ సీసా పట్టుకుని పరిగెడుతోంది. ఇంకో పక్క ఆమె భర్త, ఆమె చెప్పొకటి చేత్తో పట్టుకుని, రెండోది ఎక్కడ పోయిందో తెలియక, అది దొరికితే అంతా సర్దుకుంటుందన్నట్టు వెనక్కీ ముందుకీ చూస్తూ పరిగెడుతున్నాడు. బండి ఆ స్ట్రెచర్‌ను అంతకుముందెన్నడూ తోయనంత వేగంగా తోశాడు. ఆమె బతికింది. అయినా ఆ రోజు బాబాయ్ ఇచ్చిన టీ తాగకుండానే పక్కన పెట్టేశాడు.

ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పలేదు. దాని బదులు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"తలనొప్పేమైనా ఉందా? కళ్ళు మసకగా ఉన్నాయా? ఏదీ, కాళ్ళు వాచాయేమో చూపించు."

రోజూ ఇదే వరస. వారం తిరిగేసరికి ఆమెకు విసుగొచ్చింది.

"నేను నీ పేషెంటుని కాదు," అంది, నోట్లో ఉన్న గుండుసూదులు తీసి. "నన్ను పరీక్ష చేయొద్దు. పక్కన కూర్చో, చాలు."

కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

సెలవు కోసం హెడ్ సిస్టర్ దగ్గరకు వెళ్ళాడు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడ కళ్ళ కింద కూడా అతని కళ్ళ కింద ఉన్నంత నలుపే ఉంది.

"పుట్టాక తీసుకో బండీ. ఇప్పుడు నువ్వూ వెళ్తే బాబాయ్ ఒక్కడితో ఏం ఈదను చెప్పు?"

అతను తలూపి వచ్చేశాడు.

ఎనిమిదో నెల రాగానే అత్తగారు దిగింది. ఇన్నేళ్ళూ ఆవిడ స్కూలు బస్సులో ఆయాగా పనిచేసింది. బస్సెడు పిల్లల్ని గొంతుతోనే అదుపులో పెట్టిన మనిషి. మూడు రోజులు అల్లుణ్ణి గమనించి కూతురితో అంది: "మీ ఆయన మనిషా, కుంభకర్ణుడా? ఇల్లాలు నిండు చూలాలై ఉంటే ఆ మొద్దు నిద్రేంటే?"

"ఊరుకో అమ్మా. వింటాడు."

"వింటే సంతోషమే. చెవి దగ్గర డప్పు కొట్టినా వినేలా లేడుగా."

ఒక మధ్యాహ్నం అల్లుడు టిఫిన్ డబ్బా మరిచిపోయాడని ఆవిడే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఏటవాలు దారి మొదట్లో ఆగిపోయింది. భారీ మనిషి ఒకడు పడుకున్న స్ట్రెచర్‌ను అల్లుడు భుజంతో, ఛాతీతో, దాదాపు నుదుటితో పైకి నెడుతున్నాడు. సగంలో ఆగి, చక్రానికి కాలు అడ్డం పెట్టి ఊపిరి పీల్చుకుని, పడుకున్నవాడికి ఏదో జోకు చెప్పి మళ్ళీ నెట్టాడు. పైకి చేరాడో లేదో వెనక నుంచి ఇంకో పిలుపు. ఆవిడ డబ్బా బాబాయ్ చేతికిచ్చి వచ్చేసింది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో కొత్త చట్టం అమలైంది. అతను నిద్రపోతుంటే కుక్కరు పెట్టకూడదు. మిషను తొక్కకూడదు. గట్టిగా దగ్గకూడదు. "పాపం, లేపకే," అనేది అత్తగారు ప్రతిదానికీ. "ఏదైనా ఉంటే పొద్దున చెప్పు."

పొద్దున చెప్పడానికి తీరిక ఎక్కడిది? అతను లేవడమే పరుగుతో లేచేవాడు.

ఒక సోమవారం ఆమెకు తల పక్కన నొప్పి మొదలైంది. అతను కుర్చీలో పడి నిద్రపోతున్నాడు. ఆమె దగ్గరకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేయబోయి, మెడ వంకర పెట్టుకుని నోరు తెరుచుకుని ఉన్న ఆ ముఖం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక తలగడ తెచ్చి మెడ కింద సర్దింది. మర్నాడు కూడా నొప్పి తగ్గలేదు. బుధవారం పొద్దున అతను బూట్లు వేసుకుంటూ, అలవాటు కొద్దీ అడిగాడు.

"తలనొప్పేం లేదుగా?"

"లేదు. వెళ్ళు, ఆలస్యమవుతుంది."

అతను వెళ్ళాక ఆమె మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. సూదులు రెండు కనబడ్డాయి. కళ్ళు నులుముకుని చూసినా రెండే. వాళ్ళమ్మ వంటగదిలోంచి వచ్చి, కూతురు దారాన్ని గాలిలో గుచ్చుతూ ఉండడం చూసింది. వెంటనే చెప్పులేసుకుని కింద టాక్సీ ఆపింది.

పని వేళల్లో ఫోన్లు లాకరులో పెట్టాలన్నది ఆసుపత్రి నియమం. అత్తగారు చేసిన ఫోన్లన్నీ ఆ ఇనుప అరలోనే మోగి మోగి ఆగిపోయాయి. అతనికి అందిన పిలుపు రోజూ అందేలాంటిదే: "బండీ, ప్రసూతి వార్డు. థియేటర్‌కి ఒక కేసు. త్వరగా."

స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్ళాడు. వార్డు తలుపు తీయగానే మంచం చివర కాళ్ళు కనబడ్డాయి. ఉబ్బి, నిగనిగలాడుతున్నాయి. "ఈ కాళ్ళెవరివో గానీ బీపీ బాగా పెరిగినట్టుంది" అనుకుంటూ తల ఎత్తేసరికి, పక్కన చేతిసంచీ గుండెలకు హత్తుకుని అత్తగారు నిలబడి ఉంది.

మంచం మీద పడుకున్నది అతని భార్యే.

"బీపీ చాలా ఎక్కువుంది," అంది నర్సు. ఆమెకు వీళ్ళిద్దరి సంబంధం తెలియదు. "ఇంజక్షన్ ఇచ్చాం. బిడ్డను వెంటనే తీసేయాలంటున్నారు. పట్టు, నువ్వు కాళ్ళ వైపు."

"తల వైపు నేను పడతాను," అన్నాడతను.

స్ట్రెచర్ కదిలింది. రోజూ ఎన్నిసార్లో తిరిగిన దారి అది. ఎక్కడ గచ్చు పగిలిందో, లిఫ్టు గడప దగ్గర ముందు చక్రం ఎలా ఎత్తాలో అతని చేతులకు తెలుసు. ఆ చేతులే ఇప్పుడు పరాయివాడివిలా ఉన్నాయి. ఆమె కింద నుంచి అతని ముఖం తలకిందులుగా చూస్తోంది.

"ఎప్పట్నుంచి తలనొప్పి?" అనడిగాడు.

"మొన్నట్నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నిద్రపోతున్నావు."

ఇంతలో ఏటవాలు దారి వచ్చేసింది. బాబాయ్ ఎక్కడి నుంచి వచ్చాడో, తన మోకాళ్ళను తిట్టుకుంటూ ఒక పక్క పట్టుకుని నెట్టాడు.

థియేటర్ తలుపు దగ్గర హెడ్ సిస్టర్ ఎదురొచ్చింది. విషయం అప్పటికే ఆవిడకు చేరింది. స్ట్రెచర్ పిడి మీద నుంచి అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"ఇక్కడితో చాలు బండీ. ఈ రోజు నువ్వు పనివాడివి కాదు. వెళ్ళి కూర్చో."

గోడ పక్క బల్ల మీద రోగుల తాలూకు మనుషులు కూర్చోవడం అతను రోజూ చూసేవాడు. ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు. అత్తగారు పక్కకు జరిగి చోటిచ్చింది.

"నేనే చెప్పాను, నిన్ను లేపొద్దని," అందావిడ, నేల చూస్తూ. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో.

"మీ తప్పేముంది అత్తయ్యా. మీరు తీసుకురాకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు."

కళ్ళు ఆ తలుపు మీదే పెట్టి కూర్చున్నాడు. లోపల ఏం జరుగుతుందో వరసగా తెలిసినవాడికి బయట కూర్చోవడం నరకం. ఇప్పుడు నడుముకు మత్తు ఇస్తుంటారు, ఇప్పుడు గుడ్డ అడ్డం కడతారు, అనుకుంటున్నాడు. ఆ తర్వాతది గుర్తు తెచ్చుకుంటూ ఉండగా, నెలల తరబడి ఎత్తు మీద ఆపిపెట్టిన బండి చక్రం జారినట్టు, ఒళ్ళు అతని మాట వినడం మానేసింది. తల అత్తగారి భుజం మీదకు ఒరిగింది.

లేచేసరికి భుజం అక్కడే ఉంది. ఆవిడ కదలకుండా కూర్చుని ఏడుస్తోంది. నవ్వుతోంది కూడా.

"ఆడపిల్ల," అంది. "పిట్టంత ఉంది. ఏడ్చింది, నేను విన్నాను. పిల్లల యూనిట్‌కి తీసుకెళ్ళారు. తల్లి బాగానే ఉంది."

"నన్ను లేపలేదా?"

"నర్సమ్మ లేపబోయింది. లోపల్నుంచి మా అమ్మాయే కబురు పంపిందట, నిద్రపోతుంటే లేపొద్దని."

అతను లేచాడు. ఆనందం రావాల్సిన చోట ముందు కోపం వచ్చింది. ఆమెను వార్డుకు తెచ్చి పడుకోబెట్టాక మంచం పక్క నిలబడ్డాడు. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. దూది తడిపి వాటి మీద అద్దాడు.

"ఇంకెప్పుడూ అలా చేయకు. ఆ కనికరమే నిన్ను చంపబోయింది. తలనొప్పొస్తే లేపు. పీడకలొస్తే లేపు. ఊరికే ఊసుపోకపోయినా లేపు."

"లేస్తే విసుక్కుంటావు."

"విసుక్కుంటాను. అయినా లేపు."

ఆమె అతని చెయ్యి అందుకుంది. "ఎలా ఉంది పాప?" అంది. "గుడ్డ అడ్డంగా ఉండి నాకు సరిగ్గా కనబడలేదు."

అతను అప్పటి దాకా చూడలేదు. వెళ్ళి చూసొచ్చాడు. గాజు పెట్టెలో ఎర్రగా, ముడతలు ముడతలుగా ఉంది. వచ్చి చెప్పాడు: "మీ అమ్మలా ఉంది. అలిగినట్టు."

బాబాయ్ ఎవరినో బతిమాలి వేరే వార్డు నుంచి ఒక మనిషిని అడిగి తెచ్చుకున్నాడు. బండికి సెలవు దొరికింది. విశ్రాంతి మాత్రం దొరకలేదు. ఆమె లేచి నడవడానికి వీల్లేదు. బిడ్డ బయటకు రావడానికి వీల్లేదు. తల్లి పాలు నర్సు పిండించి ఇస్తే, ఆ చిన్న మూత గిన్నె అతను పైఅంతస్తుకు తీసుకెళ్ళాలి. మొదటి రోజు అందులో చెంచాడు కూడా లేవు.

ఇన్నేళ్ళూ మనుషుల్ని తోసుకుంటూ పరిగెత్తినవాడు ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుని, లిఫ్టు కుదుపుతుందని మెట్లెక్కి వెళ్ళాడు. కళ్ళు మండుతున్నాయి. కాళ్ళు పీకుతున్నాయి. నర్సు గిన్నె అందుకుని, "ఇంత మాత్రమేనా?" అని, వెంటనే మెత్తబడి, "చాలు, చాలు, దాని పొట్ట ఎంతని," అంది. సన్నటి గొట్టం గుండా ఆ పాలు దిగుతుంటే అతను గాజుకు నుదురు ఆనించి చూస్తూ నిలబడ్డాడు. నర్సు ఖాళీ గిన్నె కడిగి చేతిలో పెట్టింది.

"రెండు గంటలాగి మళ్ళీ తీసుకురా."

"సరే," అని అతను మెట్లు దిగాడు.