యుగాలనుంచి కారుతోంది

మా మామయ్య అబద్ధాలకోరని ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారు. సరిగ్గా ఆ మాటే వాడలేదు లెండి, "వాస్తవాలను దాచిపెట్టడం" అన్నారు. పదహారేళ్ళుగా పుస్తకాలు బైండింగ్ చేసి బతుకుతున్నదాన్ని. అట్ట ఎంత నున్నగా ఉన్నా లోపలేముందో నాకు తెలియకపోదు.

ముందు మామయ్య సంగతి చెప్పాలి. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎన్ని గంటలకి బయలుదేరుతుందో చెప్పేవారు. ఒక్క నిమిషం తేడా వచ్చినా జనం కిటికీ దగ్గరికొచ్చి తిట్టిపోసేవారట. రిటైరైన రోజున చేతి వాచీ తీసి బీరువాలో పడేసి, "ఇక ఈ జన్మలో ఎవరికీ టైము చెప్పను" అన్నారు. అప్పటినుంచి ఆయనకి నిమిషాలూ గంటలూ లేవు. టీ కాస్త ఆలస్యమైతే యుగం గడిచిపోయింది. కూరలో ఉప్పెక్కువైతే సముద్రం మనింట్లోనే ఉంది. కాపరానికి వచ్చిన కొత్తలో నాకు చిరాకేసేది. పోను పోను, ఆయన మాట వినిపించకపోతే చేతిలో సూది కదలనంతగా అలవాటైపోయింది. ముందుగదిలో నేను పుస్తకాలు కుడుతుంటే, ఆయన కిటికీ పక్కన కూర్చుని వీధిలో జరిగే గోరంతని కొండంత చేసి చెబుతూ ఉండేవారు.

ఇల్లు మాదే, పాతది. ఇన్సూరెన్స్ చేయించాలని పట్టుబట్టింది నేనే. ముందుగది నిండా లైబ్రరీవాళ్ళవీ, కాలేజీవాళ్ళవీ పుస్తకాలుంటాయి. వాటికేమైనా అయితే నేను ఎవరికి ముఖం చూపించను? మూడు కంపెనీలవాళ్ళు వచ్చారు. మొదటాయన కాగితాలు చేతికిచ్చి చదువుకోమన్నాడు. రెండో ఆవిడ, నీళ్ళవల్ల జరిగే నష్టాల్లో ఏవి వాళ్ళు భరిస్తారో ఏవి భరించరో గంటకు పైగా వివరించింది. పైపు ఉన్నట్టుండి పగిలితే ఒక లెక్కట, ఏళ్ళ తరబడి చెమ్మ దిగితే ఇంకో లెక్కట. నాకు ఆవలింతలు ఆగలేదు.

మూడో ఏజెంటు మాత్రం కుర్చీలో కూర్చోకుండానే, "ఒక్క చుక్క కారినా సరే అక్కా, క్షణంలో మీ గుమ్మంలో ఉంటాం. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేయండి" అన్నాడు.

మామయ్యకి అతను తెగ నచ్చేశాడు. "వీడు మన భాష మాట్లాడుతున్నాడమ్మాయ్" అన్నారు.

కళ్ళు మూసుకోలేదు గానీ సంతకం పెట్టాను. అతను వెళుతూ ఫ్రిజ్ తలుపుకి ఎర్ర స్టిక్కరొకటి అంటించాడు. ప్రమాదం జరిగితే ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి, మేము చెప్పేదాకా దేన్నీ ముట్టుకోకండి అని ఉంది దానిమీద.

ఏడాది తిరగకుండానే పైపు పగిలింది. మేడమీది ట్యాంకునుంచి దిగే పైపు ముందుగది స్లాబులోంచే వస్తుంది. ఆ మధ్యాహ్నం నేను కుట్టిన రికార్డులు అప్పజెప్పడానికి కాలేజీకి వెళ్ళాను. మా ఆయన పనిలో ఉన్నారు. ఇంట్లో మామయ్య ఒక్కరే. వాల్వు ఎక్కడుందో ఆయనకి తెలుసు, కానీ స్టిక్కరు ముట్టుకోవద్దంది కదా. ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, రెండో చేత్తో పుస్తకాలు వంటింట్లోకి మోశారు, డెబ్భై మూడేళ్ళ మనిషి. నేను వచ్చేసరికి, ఫోనులో వాళ్ళు సరేనన్నాక వాల్వు కట్టేసి, తడిబట్టలతో మెట్టుమీద కూర్చుని ఉన్నారు. స్లాబు పెచ్చు ఊడి నా కుట్టుబల్ల మీద పడింది. పుస్తకాల్లో మూడు మాత్రమే తడిశాయి.

క్షణంలో వస్తామన్నవాళ్ళు నాలుగో రోజున వచ్చారు. సర్వేయరు పైకప్పుకి ఫోటోలు తీసుకుని, ఇచ్చిన టీ చల్లారకముందే వెళ్ళిపోయాడు. నెల తర్వాత ఆ ఉత్తరం వచ్చింది. మీ కుటుంబ సభ్యుడే ఫోనులో "యుగాలనుంచి" కారుతోందని చెప్పారు గనక ఇది పాత చెమ్మ, క్లెయిము చెల్లదు. ఆ సంగతి పాలసీ తీసుకునేటప్పుడు దాచిపెట్టారు గనక పాలసీ కూడా రద్దు. ఇదీ సారాంశం.

మా ఆయన తల పట్టుకుని, "నాన్నా, ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది" అన్నారు. మామూలుగానే అన్నారు, కోపంగా కాదు. మామయ్య లోపలికి వెళ్ళి, బీరువాలోంచి వాచీ తీసి, కీ ఇచ్చి, చేతికి పెట్టుకుని వచ్చారు.

ఆ రోజునుంచి మా ఇంట్లో మళ్ళీ బస్టాండు మొదలైంది. ఆకలేస్తోందా మామయ్యా అంటే, "తిని మూడు గంటల పది నిమిషాలైంది" అంటారు. టీ ఎలా ఉందంటే, "వేడిగా ఉంది." వీధిలో ఏమిటా గోల అంటే, "ఇద్దరు మనుషులు." కిటికీ పక్కన కుర్చీ అక్కడే ఉంది, ఆయనా అందులోనే ఉన్నారు, కానీ మా మామయ్య లేరు. క్లెయిము పోతే అప్పో సప్పో చేసి పైకప్పు బాగుచేయించుకుంటాం. ఆయన మాట పోతే ఏ మేస్త్రీ తెచ్చిపెడతాడు? నాకు ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది.

"మామయ్యా, ఆ రోజు ఫోనులో ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పండి" అన్నాను.

"ఒకమ్మాయి ఎత్తింది. పైపు పగిలిందని చెప్పాను. ఒక్క నిమిషం లైన్లో ఉండమంది. ఏదో సంగీతం వచ్చింది. తర్వాత మళ్ళీ ఆ అమ్మాయి వచ్చి, ఎప్పటినుంచి కారుతోందని అడిగింది."

"ఆ సంగీతం ఎంతసేపొచ్చింది?"

"తెలీదు. అప్పుడు చేతికి వాచీ లేదు" అని తలొంచుకున్నారు.

ఆయన ఫోను తీసి చూశాను. ఆ కాల్ మొత్తం ఇరవై మూడు నిమిషాలు. పాతికేళ్ళనాటి పాత చుట్టం దొరికినా మామయ్య ఫోనులో నాలుగు నిమిషాలు మించి మాట్లాడరు. మర్నాడు పొద్దున్నే తడిసిన పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను.

క్లెయిముల ఆఫీసరు కుర్రవాడే, మర్యాదస్తుడు. పుస్తకం అతని బల్లమీద పెట్టాను. "ఏళ్ళ తరబడి చెమ్మ దిగిన గదిలో కాగితం అంచులు గోధుమరంగు తిరిగి, బూజు వాసనేస్తాయి సార్. ఇది చూడండి, అల అల్లాడినట్టు వంకర తిరిగింది, అంతే. ఒక్కసారి తడిసిన కాగితమిది. నాకు పాఠం చెప్పక్కర్లేదు, నా పనే ఇది."

అతను పుస్తకం తిరగేశాడు, వాసన చూశాడు, కాసేపు నీళ్ళు నమిలాడు. "కానీ మేడమ్, రికార్డులో పెద్దాయన మాట ఉంది కదా. దాన్ని కాదనలేం." తర్వాత గొంతు తగ్గించి, "ఒక దారుంది. ఈ వయసులో మతిమరుపు మామూలే. పెద్దాయనకి మాట నిలకడ లేదని డాక్టరు దగ్గర ఒక కాగితం తెండి. ఆ మాట తీసేయొచ్చు. మీ క్లెయిము పాసయ్యేలా నేను చూస్తాను" అన్నాడు.

మంచి మనసుతోనే చెప్పాడు, నిజంగా. మామయ్య నా పక్క కుర్చీలో కూర్చుని వాచీ వైపు చూసుకుంటున్నారు. "అతను చెప్పినట్టు చెయ్యమ్మా. కాగితమే కదా" అన్నారు మెల్లగా.

"తేను" అన్నాను. "కావాలంటే క్లెయిముకి నీళ్ళొదులుకుంటాను గానీ ఆ కాగితం తేను. ఆ రోజు ఒంటిచేత్తో నలభై పుస్తకాలు కాపాడిన మనిషికి మతి లేదని రాయించుకొస్తానా? ఆ కాల్ రికార్డు పెట్టండి. ఇక్కడే, ఇప్పుడే. మేం వింటాం."

"రాసిన కాపీ ఇస్తాను మేడమ్."

"కాపీలో ఉన్నది చదివాను. అందులో లేనిది వినాలి."

పాలసీదారు అడిగితే వినిపించాలని రూలుందట. అతను ఎవరికో ఫోన్ చేసి, కంప్యూటరులో వెతికి పెట్టాడు. ముందు మామయ్య గొంతు, వెనకాల నీళ్ళ చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి: ఒక్క నిమిషం లైన్లో ఉండండి. ఆ తర్వాత సంగీతం. ఒకే ముక్క, తిరిగి తిరిగి అదే.

రెండో నిమిషంలో అతను ముందుకు జరపబోయాడు.

"వద్దు సార్. ఆయన పూర్తిగా విన్నారు కదా, మనమూ విందాం."

విన్నాం. ఆ సంగీతం వెనక మా ఇంట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు, మామయ్య ఆయాసం, పుస్తకాల దొంతర నేలమీద దించిన చప్పుడు. మధ్యలో ఒకసారి "అమ్మాయ్, ఉన్నావా తల్లీ" అన్నారు. ఎవరూ పలకలేదు. నా కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు. ఆఫీసరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఆఖరికి విసుగ్గా, "ఏంటండీ ఇది, గంటనుంచి ఇదే మోత" అనేశాడు.

"తొమ్మిది నిమిషాలు బాబూ" అన్నారు మామయ్య, వాచీ చూసి.

అతని ముఖంలో రంగు మారింది. "రాసుకోండి సార్" అన్నాను. "కంపెనీవారి గంటకి తొమ్మిది నిమిషాలు. కంపెనీవారి ఒక్క నిమిషం ఎంతో ఇంకా తేలలేదు."

అది పందొమ్మిది నిమిషాలని తేలింది. సంగీతం ఆగి, ఆ అమ్మాయి గొంతు తిరిగొచ్చింది. "ఎప్పటినుంచి కారుతోందండీ?" దానికి మామయ్య, ఆయాసపడుతూ, "యుగాలనుంచి కారుతోంది తల్లీ. నువ్వు అటెళ్ళినప్పటినుంచీ కారుతూనే ఉంది" అన్నారు. ఉత్తరంలో రెండో వాక్యం లేదు.

ఆఫీసరు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "దీన్ని పై ఆఫీసుకి పంపుతాను మేడమ్. పెద్దాయన మాట కొట్టేసి, ఫోను నడిచిన ఇరవై మూడు నిమిషాలు కారిందని కొత్తగా రాసుకుందాం" అన్నాడు.

"కొట్టెయ్యడానికి వీల్లేదు" అన్నారు మామయ్య. మైకులో మాట్లాడినంత గట్టిగా అనేసరికి, పక్క బల్లలవాళ్ళు కూడా తిరిగి చూశారు. "యుగం అన్నాను, యుగమే. నువ్వు రాసుకోవాలంటే పక్కన రాసుకో నాయనా, ఇరవై మూడు నిమిషాల యుగం అని."

అతను అలాగే టైపు చేశాడు. నేను అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాను.

పన్నెండో రోజున రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకదాంట్లో క్లెయిము మంజూరు చేశారు, రెండోదాంట్లో రద్దును రద్దు చేశారు. నేను మూడోది రాశాను: పైకప్పు బాగయ్యాక మీ పాలసీ నాకు అక్కర్లేదు, ఈసారి రద్దు చేస్తున్నది నేను. ఎర్ర స్టిక్కరు చాకుతో గీకేశాను. ఆ రెండో ఆవిడని మళ్ళీ పిలిపించి, ఏవి భరిస్తారో ఏవి భరించరో ఆవలించకుండా చివరిదాకా విన్నాను.

మేస్త్రీ వచ్చి నిచ్చెనేసుకుని పైకప్పుకి సిమెంటు మెత్తుతున్నాడు. నేను బల్ల గోడవారకి జరుపుకుని కుడుతున్నాను. కిటికీ పక్కన మామయ్య. పైనుంచి మేస్త్రీ, "పెద్దాయనా, టైమెంతయింది?" అని అడిగాడు.

నేను సూది ఆపి చూశాను. ఆయన మణికట్టు మీద వాచీ లేదు, దాని తెల్లటి అచ్చు మాత్రం ఉంది.

"టైమెక్కడిది నాయనా" అన్నారు మామయ్య. "నువ్వు నిచ్చెనెక్కి యుగాలైంది."

మేస్త్రీ నవ్వాడు. ఈసారి ఆ మాట ఎవరూ రాసుకోలేదు.