ఎడమచేతి కుట్టు

వానలో తడిసి, హీటరు పక్కన ఎండి, కట్టెల్లా బిగుసుకుపోయిన తోలు బూట్ల జతను చెప్పుల షోరూం ఓనరు స్వయంగా తెచ్చి, బూట్లు బాగుచేసే ఆమె బల్ల మీద పెట్టాడు. మూడు రోజుల్లో బూట్లు కుట్టేవాళ్ల సంఘం తనకు సన్మానం చేస్తోందనీ, తన చేత్తో కుట్టుకున్న ఈ జతే వేసుకుని వేదిక ఎక్కాలనీ, ఈలోగా బాగుచేసిపెట్టమనీ చెప్పాడు. తన చేత్తోనట! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా బూట్లు అందుకుంది.

అతను ఆమెను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? భర్త ఉద్యోగం నిలబెట్టమని బతిమాలడానికి ఆమె షోరూముకు వెళ్లిన రోజున కూడా పేపరు దించకుండానే పంపించేశాడు. ఆమె భర్తది ఎడమచేతి వాటం. ఆ షోరూం వెనక గదిలో పద్నాలుగేళ్లు బూట్లు కుట్టాడు. ఒకే ఒక్కసారి, బూటు అడుగున తన పేరు కూడా వెయ్యమని అడిగాడు. పని ఊడింది. అంతటితో వదిలినా బాగుండేది. వాడికి సూది పట్టడమే రాదు, జిగురు పూసి అంటించే రకం అని ఓనరు ఊరంతా చాటాడు. ఆ తర్వాత ఎన్ని గుమ్మాలెక్కినా ఒక్క కొట్టువాడూ పని ఇవ్వలేదు. రెండేళ్లకు మంచం పట్టాడు. పోయే ముందురోజు ఆమె చెయ్యి పట్టుకుని, "నాకు సూది పట్టడం రాదంటావా?" అని అడిగాడు. ఆమె ఏం చెప్పినా అతని చెవికెక్కలేదు.

ఓనరు వీధి మలుపు తిరగగానే ఆమె స్టవ్వు వెలిగించింది. ఒకసారి తడిసి ఎండిన తోలుకు మళ్లీ సెగ చూపించి, పైన పాలిష్ పట్టిస్తే అద్దంలా మెరుస్తుంది. నాలుగడుగులు వేశాక వేళ్లు మడతపడే చోట పెళ్లున పగులుతుంది. వేదిక మీదే పగలాలి, అందరూ చూడాలి. పళ్లు బిగించి బూటును సెగకు చేర్చింది. అంచుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న నల్ల పాలిష్ కరిగి, దాని కింద ఒక కుట్టు బయటపడింది. ఎడమకు వాలిన కుట్టు.

ఆమె స్టవ్వు ఆర్పేసింది. ఏడ్చిందనుకుంటారేమో, లేదు. చాలాకాలం తర్వాత నవ్వింది. కుడిచేతివాళ్ల కుట్టు ఒకవైపుకు వాలితే ఎడమచేతివాళ్లది రెండోవైపుకు వాలుతుంది. సూది పట్టినవాళ్లెవరైనా కళ్లు మూసుకుని తడిమి చెప్పగలరు. ఓనరుకు మాత్రం తెలియదు, జన్మలో ఒక్క కుట్టు వేసిన పాపాన పోలేదు కనుక.

ఇక ఆ బూట్లకు జరిగిన సేవ కన్నబిడ్డకు కూడా జరగదు. బిగుసుకున్న తోలును తడిగుడ్డతో మెత్తగా తడిపి, లోపల పాత కాగితాలు కూరి, అవి చెమ్మ లాగినప్పుడల్లా మార్చి, నీడలో ఆరబెట్టింది. తోలు సబ్బుతో మరకలు తీసింది. వేలితో క్రీము అద్ది, తోలు మెత్తబడేదాకా రుద్దింది. వెదురు పుల్ల చెక్కి, అంచు చుట్టూ ఒక్కో కుట్టునూ పాలిష్ లోంచి తవ్వి తీసింది. మూడోరోజుకు నల్లటి తోలు మీద తెల్లటి దారం బారులు తీరింది. ఓనరు వచ్చి, మెరుపు చూసుకుని మురిసిపోయి పట్టుకెళ్లాడు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉందని ఆమెకు తెలుసు. దండ వేసేముందు ఆ మనిషి కుడికాలి బూటు విప్పించి, పనివాళ్లంతా చూసేలా వరసల్లోకి పంపుతారు. ఆమె చివరి వరసలో కూర్చుంది. ఓనరు కుడికాలికి ఒట్టి మేజోడుతో వేదిక మీద నవ్వుతూ నిలబడ్డాడు. బూటు మొదటి వరస దాటేలోపే వేళ్లు కుట్టు మీద ఆగాయి. రెండో వరసలో ఒకరు దాన్ని అటూ ఇటూ తిప్పి పక్కవాడి మొహం చూశారు. సంఘం పెద్దాయన బూటును మళ్లీ తెప్పించుకుని, కళ్లజోడు సవరించుకుని చూశాడు. తర్వాత సూదీ దారం, ఒక తోలు ముక్కా ఓనరు ముందు పెట్టాడు.

"ఒక నాలుగు కుట్లు వెయ్యండి."

ఓనరు కుడిచేత్తో సూది అందుకున్నాడు. దారం ఎక్కించడానికే చెమటలు పట్టాయి. రెండో కుట్టుకు వేలు గుచ్చుకుంది.

"మరి ఇది ఎవరి చెయ్యి?" అని పెద్దాయన సభనడిగాడు.

ఆమె లేచి ముందుకు నడిచింది. "మా ఆయనది. సూది పట్టడం రాదని మీరంతా గుమ్మంలోంచే పంపేశారే, ఆయనది."

మూడో వరసలో ఒక కొట్టువాడు లేచి, తెలియక చేశామమ్మా, మనసులో పెట్టుకోకు అన్నాడు. ఆమె అతని వైపు చూడను కూడా చూడలేదు. మనసులో పెట్టుకునే వచ్చింది, మనసులో పెట్టుకునే వెళ్తుంది.

ఓనరు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. బూట్లు బాగుచేసిన మనిషని కూడా పోల్చుకోలేదు. వేదిక దిగి పెద్దాయన వైపు చెయ్యి చాచాడు. "ఎవరమ్మా నువ్వు? అయ్యా, నా బూటు నాకిప్పించండి."

పెద్దాయన బూటును ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె దాన్ని ఓనరు చేతికివ్వలేదు. వంగి, తన కాళ్ల ముందు నేల మీద పెట్టింది. తొడుక్కోవాలంటే అతను అక్కడే మోకాలు వంచాలి. వంచాడు. లేసు రెండుసార్లు జారిపోయింది. సాయానికి ఒక్కరూ లేవలేదు. ముడి పడేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.