తిరగమాత వాసన

సూదిని స్పిరిట్ దీపం మీద కాల్చి, చల్లారేదాకా గాలిలో ఆడిస్తూ నిలబడ్డాడు హజరత్తయ్య. ఎదురుగా గంగులయ్య జబ్బ చాపి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వేడి సూది గుచ్చబాకయ్యా."

వేడి సూదికి చచ్చేది మనిషి కాదు, మందు. ఆ సంగతి ఎన్నాళ్ళు చెప్పినా ఎవరి తలకూ ఎక్కలేదు కనుక హజరత్తయ్య చెప్పడం మానేశాడు. మందు చుక్క వేసి, గుండ్రంగా పళ్ళున్న ఆ సూదిని చర్మానికి ఆనించి ఒక్క తిప్పు తిప్పాడు.

హజరత్తయ్య యాభై దాటిన మనిషి. ఎండకు కమిలిన మెడ, సంచి పట్టీ ఒరుసుకుని భుజం మీద నల్లటి చార. ఇసుకలో సైకిలు సాగదని విడవలూరులోనే వదిలి, సముద్రం ఒడ్డున ఉన్న ఈ పాళేనికి నడిచి వచ్చాడు. మశూచి టీకాలు వేయడం తప్ప అతనికి మరో పని రాదు. అతను వస్తే పిల్లలు పారిపోతారు, పెద్దవాళ్ళు పారిపోతే బాగుండదని నిలబడతారు.

ఒకప్పుడు ఈ పని ఇంత కష్టంగా ఉండేది కాదు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. లోపల ఏముందో ఇల్లే చెప్పేది. చుట్టుపక్కల వాళ్ళందరికీ టీకాలు వేసేవాడు. రోగులను నెల్లూరు తీసుకుపోయి విడిగా ఉంచడం మొదలయ్యాక జనం మండలు కట్టడం మానేశారు. అయినా ఒకటి మాత్రం దాచలేకపోయారు. అమ్మవారున్న ఇంట్లో తిరగమాత పెట్టకూడదు. ఆవాలు చిటపటమంటే తల్లికి కోపం. అందుకే పొయ్యి మండుతూ తిరగమాత వాసన రాని ఇంటి ముందు హజరత్తయ్య ఆగుతాడు.

ఆ గుర్తు అతనికి పెళ్ళాం పెంచలమ్మ వల్ల తెలిసింది. సూదికి భయపడి, చిన్నప్పటి కాలిన మచ్చనే టీకా మచ్చగా చూపించి, "నాకెప్పుడో ఏసినార్లే" అంది. ఊరందరి జబ్బలూ పట్టి పట్టి చూసే మనిషి పెళ్ళాం జబ్బను నమ్మేశాడు. ఒక వేసవిలో ఊళ్ళు తిరిగి ఇంటికి వస్తుంటే సందు మొదట్లోనే పప్పు ఉడికిన వాసన తగిలింది. ఉత్త పప్పు వాసన. పెంచలమ్మను ఆ అమ్మవారే తీసుకుపోయింది. ఇన్నేళ్ళయినా ఆ చప్పటి వాసన తగిలితే వెనక్కి తిరిగి చూస్తాడు. పెంచలమ్మ పిలిచినట్టే ఉంటుంది.

చెంచమ్మ గుడిసె దగ్గరికి రాగానే ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ము వచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు. చెంచమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని బయటికొచ్చి, అడగకముందే జబ్బ చాపింది.

"బిన్నా వెయ్యి నాయనా, పనుండాది."

"నీ కూతురు మాలకొండమ్మ యాడమ్మా?"

"వాళ్ళవ్వ కాడికి పోయింది."

పోయిన తడవ పడవలో వల కింద దాక్కుని టీకా తప్పించుకున్న పిల్ల మాలకొండమ్మ. హజరత్తయ్య సూది తీయబోయి ఆగాడు. తిరగమాతను దేంట్లోనైనా పోస్తే చుయ్యిమనాలి. ఆ చప్పుడు రాలేదు. ఆవాలు మాడిపోతున్నాయి.

"మాడిపోతుండాయమ్మా. దేంట్లో పోద్దామని పెట్టినావు?"

చెంచమ్మ అక్కడే చతికిలబడింది.

"నిన్ను ఏమార్చడానికే పెట్టినా నాయనా. తల్లి ఇంట్లో ఉండంగా పెట్టినా. ఆవాలు చిటపటమనంగానే పిల్ల మూలుగు ఆగిపోయింది. నా బిడ్డను నేనే చంపుకున్నా."

లోపల మాలకొండమ్మ అరటాకు మీద పడుకుని ఉంది. రెప్పలు తెరవడానికి సందు లేకుండా మొహమంతా పొక్కులు. ఊపిరి ఉంది, కానీ ఉండీ లేనట్టుంది. ఆ ఊపిరి హజరత్తయ్య ఎరుగును. ఇక ఈ పిల్లకు తన సంచిలో ఏమీ లేదు. ఉన్నది చంటివాడికే. అదీ ఇప్పుడే వెయ్యాలి, ఆలస్యమైతే వాడూ దక్కడు.

చెంచమ్మ బిడ్డను కొంగులో దాచేసుకుంది.

"వద్దు నాయనా. తల్లి కోపంగా ఉండాది. సూది గుచ్చితే వీణ్ణి కూడా తీసకపోద్ది."

"దొంగ ఇంట్లోనే ఉండాడమ్మా. వాడి మొహం బిడ్డ ఒంటికి ముందుగా చూపిస్తా, అంతే. గుర్తుపట్టిన ఒళ్ళు వాణ్ణి లోపలికి రానియ్యదు."

ఆమె కొంగు వదల్లేదు. హజరత్తయ్య ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"ఆ తిరగమాత నువ్వు పెట్టలా. నేనొస్తుండానని పెట్టినావు. ఆ పాపం నాది. తల్లితో నేను చెప్పుకుంటా. నా ఇంటికీ వచ్చిందమ్మా, నన్నెరుగును."

చెంచమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత కొంగు తీసింది. సూది తిప్పగానే చంటివాడు పాళెమంతా వినబడేలా ఏడ్చాడు.

పొద్దు వాలుతుండగా చెంచమ్మ కూతురి నోట్లో పోసిన నీళ్ళు పెదవి పక్కనుంచి కారిపోయాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ కారిపోయాయి. హజరత్తయ్య ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాడు.

చీకటి పడకముందే, పడవల నుంచి వచ్చిన మగవాళ్ళు పిల్లను పాతిపెట్టడానికి తీసుకుపోయారు. చాప, పాత చీర, పరికిణీ అన్నీ కాల్చేయాలి. హజరత్తయ్యే ఇసుకలో వేసి అంటించాడు. చెంచమ్మ మంటకేసి చూస్తూ కూర్చుంది. పెంచలమ్మవన్నీ అతను ఇలాగే, ఈ చేతులతోనే కాల్చాడు. ఒక్కటీ మిగల్చలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఇంట్లో మూలమూలలా వెతుక్కున్నాడు, కనీసం తలపిన్ను అయినా దొరుకుతుందేమోనని.

పిల్ల చేతులు వాచినప్పుడు చెంచమ్మ తీసి చూరులో దోపిన గాజులు అతని కంటబడ్డాయి. వాటినీ పారేయాలని తీసి, పారేయలేకపోయాడు. లోపలికి పోయి పొయ్యి మీద కుండలో నీళ్ళు పెట్టి, గాజులు వేసి, వాటికంటిన రోగం చచ్చేలా నీళ్ళు మరిగి సగమయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

"చంటోడి జబ్బ మీద పొక్కు లేస్తే భయపడబాక చెంచమ్మా. అది లేస్తే బతికినట్టే. నేను మళ్ళీ వస్తా" అని సంచి తగిలించుకుని విడవలూరు దారి పట్టాడు.

తిన్నె మీద ఎర్రటి మట్టిగాజులు, ఇంకా ఆవిరి పోతూ, పదేళ్ళ పిల్ల మణికట్టుకు సరిపోయేంత చిన్నగా ఉన్నాయి.