వంటింటికి ఒక పాయింటు

మా ఊరికి కరెంటు వచ్చింది అరవై ఏడులో. అమృతలూరు దాటి కాలవ కట్ట మీదుగా స్తంభాలు లేస్తుంటే ఊరు ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. నేనూ చూశాను. ఊరి సంగతి నాకు అక్కర్లేదు. నా వంటింట్లో, నా పొయ్యి మీద, నేను వండే గిన్నెలోకి వెలుతురు పడేటట్టు ఒక్క లైటు కావాలి. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దానికి ఎంత రాద్ధాంతం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఏ గదికి ఎన్ని లైట్లు, ఎక్కడెక్కడ అన్నది మా మామగారు చెంచురామయ్య గారు అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని తేల్చారు. లైటుని అప్పట్లో పాయింటు అనేవాళ్ళు. అరుగుకి రెండు పాయింట్లు, ఎందుకంటే సాయంత్రాలు ఆయన స్నేహితులు చతుర్ముఖ పారాయణానికి, అదే పేకాటకి, వస్తారు. సావిట్లో ఒకటి, గోడ గడియారం కనపడాలి గనక. ధాన్యం కొట్లో ఒకటి. గొడ్ల చావిట్లో ఒకటి, గేదె ఈనితే చూసుకోవద్దూ. గడ్డివాము వైపు ఒకటి వేయిస్తే దొంగల భయం ఉండదని మా ఆయన బసవేశ్వరరావు గారి సలహా. అన్నీ అయ్యాక మామగారికి గుర్తొచ్చింది.

"మరి వంటింట్లోరా?"

"అక్కడా ఏదో ఒకటి తగిలిద్దాంలే నాన్నా," అన్నారు మా ఆయన.

తలుపు వెనక నిలబడి వింటున్నాను. ఏదో ఒకటి! గేదెకి ఆలోచించారు, గడ్డికి ఆలోచించారు. నా దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటి. ఆ మాటన్న మనిషి మంచినీళ్ళ కోసం కూడా ఆ గదిలోకి రారు, కూర్చున్న చోటునుంచే కేకేస్తారు.

మా వంటిల్లు ఇంటికి ఆగ్నేయం మూల. పొయ్యి తూర్పు గోడవార, వండే మనిషి తూర్పు ముఖంగా కూర్చోవాలి. మా వైపు ఏ ఇంట్లోనైనా అంతే. గుమ్మం పడమటి వైపు. అంటే వెలుతురు ఎటునుంచి వచ్చినా నా వీపు మీదే పడుతుంది, నా నీడ పొయ్యి మీద పడుతుంది. పొద్దు వాలాక గూట్లో కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని వండితే గిన్నెలో ఉన్నది ఉడికిందో లేదో వాసన చూసి తెలుసుకోవాల్సిందే. కిందటేడు కోతలప్పుడు కూలీలకి గుండిగెడు అన్నం వండి గంజి వారుస్తుంటే, మూత జారింది చీకట్లో కనపడక, మరిగే గంజి ముంజేతి మీద పడింది. తోలు ఊడొచ్చింది.

"చూసుకుని వార్చొద్దటే?" అన్నారు మా అత్తగారు సీతారావమ్మ గారు.

ఎలా చూసుకోమంటారు? ఆవిడ కళ్ళు మాత్రం ఏమయ్యాయి? ఆ పొగలో, ఆ చీకట్లో, మిటకరించి మిటకరించి చూసీ చూసీ మసకబారిపోయాయి. అందుకే వంట నా చేతికొచ్చింది. ఈ లైటు సరిగ్గా పడకపోతే ఇంకో పదేళ్ళకి నా కళ్ళూ అంతేనని నాకు తెలుసు. నాకు ఇరవై మూడేళ్ళు అప్పుడు.

అందుకని ఎవరినీ అడక్కుండా నేనే చూసుకున్నాను. సాయంత్రాలు బుడ్డి చేత్తో పట్టుకుని గోడమీద అక్కడా ఇక్కడా ఆనించి నీడ ఎటు పోతోందో కనిపెట్టాను. పొయ్యికి ఎడమ పక్కన, నా తల మీద మూరెడు ఎత్తున పెడితే గంటె పట్టుకున్న కుడి చేతి నీడ గిన్నెలో పడలేదు. అక్కడ బొగ్గుతో గుండ్రంగా గుర్తు పెట్టాను.

వైరింగుకి తెనాలి నుంచి ఏసుపాదం వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, నూనె రాసి పక్క పాపిట తీసిన క్రాఫు, ఊరుకోని నోరు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అప్పుడు వైర్‌మాన్ అతనొక్కడే. అరుగు మీద పని చేశాడు, సావిట్లో నిచ్చెన వేశాడు, కొట్లోకి వెళ్ళాడు. అప్పటిదాకా ఎవరికీ ఏమీ అనిపించలేదు. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అత్తగారు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డారు.

"ఆగాగు. అక్కడే ఆగు. లోపలికి రాబోకు."

"లోపల పాయింటుందన్నారు కదండి?" అన్నాడు ఏసుపాదం.

ఆవిడ అతని ముఖం చూడకుండానే సావిట్లోకి కేకేశారు. "ఏవయ్యా, వాళ్ళది క్రైస్తవుల పేటంట. వంటింట్లోకి ఎట్టా రానిస్తాం?"

మామగారికీ మా ఆయనకీ అదొక పెద్ద చిక్కు కింద కనపడింది. ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి పైకీ కిందికీ చూశారు. మా ఆయనే ఉపాయం కనిపెట్టారు. గుమ్మానికి బయట వైపు పైన తగిలిస్తే ఆచారానికి ఆచారం, లోపలికీ వెలుతురు, నడవాలోకీ వెలుతురు.

నేను లోపలినుంచి అన్నాను, "నేను పొయ్యి మీద గుర్తు పెట్టానండి. అక్కడ కావాలి."

"పొయ్యి మీద లైటేంటమ్మగారూ, మసి కొట్టుకుపోద్ది," అన్నాడు ఏసుపాదం. "ఎవరింట్లోనైనా మధ్యలోనే వేస్తన్నా. మధ్యలో వేస్తే గదంతా వస్తదండి."

"మధ్యలో వేస్తే నా నీడ నా గిన్నెలోనే పడుద్ది. మసి పడితే నేను తుడుచుకుంటా."

"ఆడపిల్లకి వైరింగు సంగతేం తెలుస్తదిరా, నువ్వు కానియ్," అన్నారు మామగారు. ఏసుపాదం మీ ఇష్టమండి అని బయట గుమ్మం పైన గుండ్రటి చెక్క బిగించి, హోల్డరు తగిలించి పోయాడు. పోయే ముందు దాహమడిగితే అత్తగారు ఎత్తునుంచి అతని దోసిట్లో నీళ్ళు పోశారు. ఇంటికి వెలుతురు తెచ్చిన మనిషి వంగి దోసిట్లో తాగాడు. నా వంటింటి లైటు గడప బయట ఉండిపోయింది.

కరెంటిచ్చిన సాయంత్రం ఊళ్ళో అందరూ ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళి చూసుకుంటున్నారు. మా అరుగు పట్టపగల్లా ఉంది. గడ్డివాము కూడా వెలిగిపోతోంది. నేను పొయ్యి ముందు కూర్చున్నాను. వెనకనుంచి లైటు వీపు మీద పడి, నా ముందు ఎలుగుబంటంత నీడ గోడెక్కి కూర్చుంది. పొయ్యి, గిన్నె, గంటె అన్నీ దాని కిందే. ఇంతకన్నా బుడ్డే నయం.

"ఏవండీ, ఒక్కసారి లోపలికొచ్చి ఇక్కడ కూర్చోండి," అన్నాను మా ఆయనతో.

"వెలుతురుందిగా తులసీ, ఇంకేం కావాలి?"

"కూర్చోండి ముందు."

ఆయన నవ్వేసి వెళ్ళిపోయారు. నవ్వారు! అరికాలి మంట నెత్తికెక్కింది. బొగ్గుల కుంపటి రాజేశాను. దాన్ని రెండు చేతులా పట్టుకుని సావిడి దాటి, వీధి అరుగు మీదికి తీసుకెళ్ళి, సరిగ్గా లైటు కింద, పేకాట వాళ్ళ పక్కన దించాను. మళ్ళీ లోపలికెళ్ళి కత్తిపీట, వంకాయలు, మూకుడు తెచ్చుకుని చాప పక్కనే చతికిలబడ్డాను.

మామగారి చేతిలో ముక్కలు చేతిలోనే ఉండిపోయాయి. "ఏంటమ్మాయ్ ఇది?"

"వంటండి మామయ్య గారూ."

"వంటయితే ఇక్కడేంటి?"

"వెలుతురు ఇక్కడుందండి."

వంకాయలు తరిగాను. నూనె కాగాక ఎండుమిరపకాయలు నాలుగెక్కువే వేశాను. ఆ ఘాటుకి ఆటగాళ్ళు నలుగురూ దగ్గలేక చచ్చారు. పక్కింటి నాగేశ్వరయ్య గారు పైపంచతో కళ్ళు తుడుచుకుంటూ, "ఏం చెంచురామయ్యా, మీ వంటిల్లుగానీ కూలిపోయిందా?" అన్నారు. ఎదురింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. కోడలు వీధిలో కూర్చుని వండుతోందంటే చూడకుండా ఎలా ఉంటారు? అత్తగారు తలుపు చాటునుంచి, "పరువు గంగలో కలిపిందిరా దేవుడా," అంటున్నారు. మా ఆయన వచ్చి, "లే, లోపలికి నడు," అని చెయ్యి పట్టుకున్నారు.

"పట్టుకుంటే ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి పట్టుకోండి," అని కాలిన ముంజేతిని లైటు కింద పెట్టాను. "ఇప్పుడన్నా కనపడతందా?"

ఆయన వదిలేశారు. ఆ మచ్చ అంత ఉందని ఆయనకి తెలియదు. వంకాయ కూర దించేదాకా నేను లేవలేదు. మర్నాటి సాయంత్రం కుంపటి మళ్ళీ అరుగెక్కించాను. ఆటకి ఎవరూ రాలేదు. మామగారు ముఖం మాడ్చుకుని, "ఆ ఏసుపాదానికి కబురంపరా," అన్నారు కొడుకుతో.

ఏసుపాదం వచ్చాడు. నిచ్చెన భుజాన పెట్టుకుని వంటింటి గడప దాకా వచ్చి ఆగిపోయాడు.

"రా, ఆగిపోయావేం, లోపలికెళ్ళి కానియ్," అన్నారు మామగారు.

"ఒక్క మాటండి. మొన్న ఆగమన్నారు, ఆగా. ఇయ్యాల రమ్మంటన్నారు, వస్తా. నేను వెళ్ళాక పసుపు నీళ్ళు చల్లి కడిగిస్తారా, కడిగించరా?"

"పని చెయ్యరా అంటే ప్రశ్నలేంటిరా నీకు?"

"కడిగే పనయితే ముందే చెప్పండి. తీగె ఇక్కడిచ్చి పోతా, మీరే బిగించుకోండి." అతని గొంతు పెరగలేదు గానీ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నాకు నా లైటు కోసం ఎంత కోపముందో, అతనికి ఆ గడప మీద అంతకు పదింతలుందని ఆ నరాలు చూస్తేనే తెలుస్తోంది. అత్తగారు గోడవైపు తిరిగారు. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"కడగం," అన్నాను నేను.

"మీరంటే సరిపోద్దా అమ్మగారూ?"

"వండేది నేను. ఎవరన్నా కడిగితే ఆ పొయ్యి మీద నేను వండను. సరిపోద్దా?"

ఏసుపాదం నా ముఖంలోకి ఒకసారి చూసి, నిచ్చెన సర్దుకుని గడప దాటాడు. బొగ్గు గుర్తు మీదే లైటు బిగించాడు. బిగిస్తున్నంతసేపూ మసి కొట్టుకుపోద్దండి, నన్ననబోకండి అని సణుగుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం స్విచ్చి వేసి ఎసరు పెట్టాను. బియ్యం కడిగి పోశాను. నీళ్ళు మరుగుతుంటే అడుగునుంచి గింజలు లేచి తిరగడం కనపడింది. నా చేతి గీతలు కనపడ్డాయి. గోడల నిండా వేలాడుతున్న మసి కూడా కనపడింది, చూసి నవ్వొచ్చింది. పెళ్ళయ్యాక ఆ గదిలో నేను నవ్వింది అప్పుడే అనుకుంటాను.

వెనక అలికిడయింది. అత్తగారు. చేతిలో ఇత్తడి చెంబు, దాంట్లో మామిడి రెమ్మ. నీళ్ళు చిక్కగా పచ్చగా ఉన్నాయి. దుగ్గిరాల నుంచి తెచ్చి ఇంట్లో కొట్టించిన పసుపు.

"అత్తయ్యా, వద్దన్నానా?"

"వాడు వెళ్ళిపోయాడుగా. ఓ చుక్క చల్లుతా. వాడికేం తెలుస్తదే?"

"నాకు తెలుస్తదండి. నేను మాటిచ్చాను."

"వాడికిచ్చిన మాటేంటే, నువ్వొకదానివి!" అని రెమ్మ ముంచి, నిచ్చెన ఆనించిన చోట చల్లేశారు.

లేచి చెంబు ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. తీసుకెళ్ళి చెంబెడు నీళ్ళూ మండుతున్న పొయ్యిలో కుమ్మరించాను. బుస్సుమని బూడిద లేచింది. సగం ఉడికిన అన్నం చప్పబడిపోయింది.

"పొయ్యిలో నీళ్ళు పోశావటే! ఇంటికి అరిష్టమే తల్లీ!" ఆవిడ గుండెలు బాదుకున్నారు. "ఇప్పుడు వాళ్ళిద్దరికీ అన్నమెట్టా?"

"మీరే వండండి. నేను వండనని అందరి ముందూ చెప్పాను."

"నా కళ్ళకేం ఆనుతుందే?"

"లైటుందిగా అత్తయ్యా, కూర్చోండి."

సావిట్లోకి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. మా ఆయన నా ముఖం చూసి అరుగు మీదికి వెళ్ళిపోయారు. అక్కడ మామగారు దగ్గుతూ, గొంతు సవరించుకుంటూ ఉన్నారు. ఎవరూ నన్ను లేవమనలేదు. లోపల అత్తగారు తడి కట్టెలు లాగి, బూడిద ఎత్తి, పిడకలు పేర్చి పొయ్యి రాజేస్తున్న చప్పుడు వినపడింది. తిట్లు వినపడ్డాయి. చాలాసేపటికి తిట్లు ఆగిపోయాయి. గిన్నె వంచిన చప్పుడు, గంజి ధారగా పడుతున్న చప్పుడు.

"తులసీ," అని పిలిచారు లోపలినుంచి.

"ఏంటండీ?"

"గంజి కనపడతందే నాకు. ఎంతవరకు వచ్చిందో కనపడతందే."

ఆ సంతోషం విని నాకు జాలి రావాల్సింది. వచ్చింది కూడా. దాని వెనకే ఇందాకటికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆవిడ కళ్ళు తినేసింది ఆ ఇల్లే. ఆ ఇంటి ఆచారం కోసం పసుపు చెంబు పట్టుకుని, చూపు తెచ్చిచ్చిన మనిషి అడుగులు తుడిచేయడానికి వచ్చింది ఆవిడే.

నేను లేవలేదు.

"కనపడకేం అత్తయ్యా, ఏసుపాదం లోపలికొచ్చి వేసిన లైటు," అన్నాను, అరుగు దాకా వినపడేటట్టు.