కాసులమ్మ మెడ వదిలిన పట్టీ

నేను ఒక మెడపట్టీని. మందుల షాపులో అద్దాల వెనక ఉంటానే, లోపల స్పాంజి, పైన తెల్లగుడ్డ, వెనక కరకరమని అంటుకునే పట్టీ, అదే నేను. పుట్టుక గురించి గొప్పలు చెప్పను. ఒకే స్పాంజి దిమ్మని కోసినప్పుడు నా తోబుట్టువులంతా బస్సు సీట్లలోకి పోయి మనుషుల ముడ్డి కింద పడ్డారు. నేను మెడ చుట్టూ ఎక్కాను. ఆ పొగరు నాకు చాలాకాలం ఉండేది.

నన్ను మొదట కొన్నది ఒక హెడ్మాస్టరు. ఆయన మెడకి ఏ రోగమూ లేదు. ఎన్నికల డ్యూటీ పడింది, అంతే. నన్ను తగిలించుకుని ఆఫీసులో నాలుగు మూలుగులు మూలిగి డ్యూటీ తప్పించుకున్నాడు. ఓట్లు లెక్కపెట్టే నాటికి నేను బీరువా మీద దుమ్ము తింటున్నాను.

ఆ ఇంటికి చేపలు తెచ్చే మనిషి మైలపల్లి కాసులమ్మ. విశాఖ రేవులో వేలంపాటలో చేపలు కొని, ఆటోలో బుట్టలతో వచ్చి, వీధులెంట అమ్ముతుంది. ఒకరోజు ఆటో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి లారీ గుద్దింది. కాసులమ్మ తల కొరడా విదిలించినట్టు వెనక్కీ ముందుకీ పోయి వచ్చింది. రక్తం రాలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. కనపడకపోతే నొప్పి లేనట్టే గదా, అందులోనూ బుట్ట మోసే ఆడమనిషికి! రేవులో తనూ చేపలు కొనే తోటికోడలు గురయ్యమ్మ అదంతా పని ఎగ్గొట్టే నాటకమని రేవంతా చాటింది. హెడ్మాస్టరు ఆడిన నాటకాన్ని నొప్పని నమ్మారు, కాసులమ్మ నొప్పిని నాటకమన్నారు. మీ న్యాయం అలా ఏడిసింది.

హెడ్మాస్టరు జాలిపడి నన్ను ఆమెకిచ్చాడు. కొద్దిరోజులు పెట్టుకుని తీసెయ్యమని ఆస్పత్రిలో చెప్పారు. కాసులమ్మ తియ్యలేదు. తీస్తే తల జారి పడుతుందని భయం. వానలు పోయాయి, చలి పోయింది, నేను పోలేదు. ఈమెని నిలబెడుతున్నది నేనేనని తెగ మురిసిపోయాను.

రేవులో పాట ఎలా జరుగుతుందో చెప్పాలి. చేపల కుప్ప చుట్టూ కొనేవాళ్లు నిలబడతారు. పాట పెట్టే తాతారావు ఒక్కడే అరుస్తాడు. కొనేవాళ్లు నోరు మెదపరు. పక్కనున్నవాళ్లకి తెలియకుండా గడ్డం కాస్త దించితే చాలు, పాట హెచ్చినట్టు. ముందు వరసలో కాసులమ్మ నిలబడే చోటు ఆమెకి వాళ్లమ్మ నుంచి వచ్చింది. గడ్డం దించనివ్వకపోవడమేమో నా ఉద్యోగం. పాపం, ఆమె నడుం నుంచి ఒళ్లంతా వంచి పాట పాడేది. ఒకరోజు కాలిమీద పీత పాకితే చూడబోయి వంగింది. తాతారావు దాన్నే పాటనుకుని ఆమె పేరుమీద కొట్టేశాడు. ఆమె తిరిగే వీధుల్లో ఎవరూ అడగని కవళ్ల చేపల కుప్ప మొత్తం ఆమె నెత్తిన పడింది.

రేవంతా పకపకా నవ్వింది. తాతారావు మాత్రం నవ్వలేదు. "కాసులప్పా, నువ్వొంగితే పాటనుకోవాలా, తూలిపోతన్నావనుకోవాలా? రేపట్నుంచి వేట బందు. బోట్లు మళ్లీ వచ్చీనాటికి ఆ పట్టీ తీసీసి రా. లేదంటే నీ సోట్ల గురయ్యమ్మ నిలబడతాది" అన్నాడు.

గురయ్యమ్మ అప్పుడే అరడుగు ముందుకి జరిగింది.

అలా కాసులమ్మ పెద్దాస్పత్రిలో వ్యాయామాలు చేయించే రోహిణి మేడం దగ్గరికి వెళ్లింది. ఆ మేడం చేసిన మొదటి పని నన్ను ఊడదీసి బల్లమీద పారేయడం. ఎముక విరగలేదని, నొప్పి మాత్రం నిజమేనని చెప్పింది. నిజమే అన్న ఆ మాటకి కాసులమ్మ ఏడ్చేసింది. నా వల్ల మెడ కండలు పని మరిచాయట. వెల్లకిలా పడుకుని, ఔనన్నట్టు గడ్డం మెల్లగా దించి కాసేపు అలాగే పట్టి ఉంచమంది.

"పాటలో ఊపినట్టా?" అంది కాసులమ్మ.

మేడంకి అర్థం కాలేదు. నాకయ్యింది. గుండె ఉంటే జారేది.

మొదటి వారం నొప్పి రేగింది. కాసులమ్మ మేడంని నానా తిట్లూ తిట్టి నన్ను మళ్లీ కట్టుకుంది. నేను గెలిచాననుకున్నాను. మేడం కోప్పడింది. అది పని అలవాటు తప్పిన కండల నొప్పని చెప్పి, చేసేది తగ్గించమంది గానీ మానొద్దంది. ఆ తర్వాత నుదుటిని అరచేత్తో నెట్టడం, భుజం మీంచి వెనక్కి చూడటం, రబ్బరు పట్టీ లాగడం వచ్చాయి. ఆ రబ్బరు పట్టీని చూస్తే నాకు సవతిని చూసినట్టుండేది. నేను మంచంకోడుకి వేలాడేవాణ్ణి.

మొగుడు ఎల్లాజీ మహా తెలివైనవాడు. ఆమె గడ్డం దించే వేళకే వచ్చి, "మా తమ్ముడి వలలు మనింట్లో పెట్టుకోనా?" అన్నాడు. ఆమె దించింది. వలలొచ్చాయి. మర్నాడు అదే వేళకి అడిగితే తమ్ముడి కుక్క కూడా వచ్చింది. మూడోసారి నోరు తెరిచేసరికి కాసులమ్మ భుజాల మీంచి చూసే వ్యాయామానికి మారింది. అటు, ఇటు, అటు, ఇటు.

"సరేలే, వద్దులే" అని ఎల్లాజీ తనే వెళ్లిపోయాడు.

వేట నిషేధం పోయి బోట్లు వచ్చిన రోజు నన్ను బుట్టలో పెట్టుకుని రేవుకొచ్చింది. భయం పూర్తిగా పోలేదు మరి. ముందు వరసలో గురయ్యమ్మ పాతుకుపోయి ఉంది.

"జరుగొలే" అంది కాసులమ్మ.

"మెడ బాగయినట్టు రుజువేటి?"

కాసులమ్మ బుట్ట దించింది. పక్కన ఇరుక్కుని నిలబడింది. కానాగంత చేపల కుప్ప పడింది. తాతారావు అరుస్తున్నాడు. నేను బుట్ట సందులోంచి చూస్తూనే ఉన్నాను, ఆమె గడ్డం ఎప్పుడు దించిందో నాకే కనపడలేదు. గురయ్యమ్మకీ కనపడలేదు. ఆమె ఇంకా పక్కకి చూస్తూండగానే తాతారావు, "కాసులప్పకే" అని పాట కొట్టేశాడు.

గురయ్యమ్మ పక్కకి జరిగింది.

సాయంత్రాలు మెడ ఇంకా సలుపుతుంది. కాసులమ్మ తిట్టుకుంటూనే గడ్డం దించుతుంది. నొప్పిని నమ్మడం ఆ మేడంకి తప్ప మీకెవరికీ చేతకాలేదు, ఆ నొప్పితోనే మెడచేత పని చేయించడం ఆమె నేర్చుకుంది.

నన్ను పారెయ్యలేదు. గుండ్రంగా అంటించి వంటింట్లో కుండ కింద కుదురులా పెట్టింది. ఇప్పుడు నామీద పులుసు కుండ కూర్చుంటుంది. కదలకుండా పట్టుకోవడమొక్కటే నాకొచ్చిన విద్య. అది కుండకి కావాలి, మెడకి కాదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక మనిషి మెడ కావలసివచ్చింది.